ఏదైనా పర్లేదు

బీసెంట్ రోడ్డు చివర జ్యూసు బండి.
మార్చిలోనే మే నెల ఎండ.
"ఏం జ్యూసు మేడం?" అన్నాడు కుర్రాడు.
"ఏదైనా పర్లేదు" అన్నాను.
మిక్సీ మూత మీద చెయ్యి ఆనించి నవ్వాడు.
"ఏదైనా అనే పండు మా దగ్గర లేదండీ."

వాడు ఈపాటికి మర్చిపోయుంటాడు.
నేను మాత్రం బత్తాయి రసం చేత్తో పట్టుకుని
కాలవ వంతెన దాకా ఆ మాటే నములుతూ నడిచాను.

ఇరవై మూడేళ్లుగా
బస్టాండులో ఎంక్వైరీ గాజు వెనక కూర్చుంటున్నాను.
"ఎక్కడికెళ్లాలి?" అని అడగడం నా ఉద్యోగం.
అవనిగడ్డ, అటు చివర.
తిరువూరు ఇప్పుడే వెళ్లింది, మళ్లీ నలభై నిమిషాలకి.
ఒకామె రోజూ వచ్చి
బందరు బస్సెప్పుడని అడిగి, ఎక్కకుండా వెళ్లిపోతుంది.
ఆమెకీ చెప్తాను, అదే గొంతుతో.

ఆ గొంతు ఎప్పుడు ఇంటికి తెచ్చుకున్నానో తెలీదు.
కుక్కరు మూడు కూతలేసిందనీ అదే గొంతు,
నాన్న పోయారని ఫోన్లో చెప్పిందీ అదే గొంతు.
"అక్కా, నువ్వేనా? రికార్డింగా?" అన్నాడు తమ్ముడు.

జ్యూసు తాగిన రాత్రి
కరెంటు పోతే మేడ మీద చాపేసుకుని
నన్ను నేనే అడిగాను, గాజుకి ఇవతల నిలబడి:
"ఏం కావాలమ్మా నీకు?"
లోపల కుర్చీ ఖాళీగా ఉంది.
ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

మర్నాడు అడిగాను. ఆ మర్నాడూ.
సిగ్గేసింది కూడా,
యాభై ఒకటో ఏట ఇదేం పని అని.

ఏడో రోజో ఎనిమిదో రోజో
ముందుగా వచ్చింది కోరిక కాదు,
కోపం.
బీరకాయ మీద.
నవ్వకండి.
ఇరవై ఆరేళ్లు, వారానికి రెండుసార్లు
పొట్టు తీసి, ఆ పొట్టు పచ్చడికి దాచి, పాలు పోసి వండాను.
నాకు బీరకాయంటే ఇష్టం లేదు.
కత్తిపీట ముందు ఆ మాట పైకే అన్నాను.
దయానిధి పేపర్లోంచి తలెత్తి
"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.
నిజమే. నా నోరెవరూ కట్టెయ్యలేదు.
అడిగిన ప్రతివాళ్లకీ పర్లేదన్నది నేనే.
తినే ముద్దలో చేదుబీర ముక్క తగిలినట్టయింది.

కోపం కొంగు పట్టుకుని
వెనకే ఇంకొకటి వచ్చింది. ఏడుపు.
నాన్న కోసం. మూడేళ్లు ఆలస్యంగా.
"ఆలస్యానికి చింతిస్తున్నాము" అని
మైకులో ఎన్ని వేలసార్లు చదివానో.
ఏలూరు కాలవ పక్కన స్కూటీ ఆపి
హెల్మెట్ తియ్యకుండా ఏడ్చాను.
లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినపడింది,
ఎవరో బాగా దగ్గరగా కూర్చున్నట్టు.

నాన్న లోకో షెడ్డులో చేసేవాడు.
జూన్ నెల సాయంత్రాలు
ఖాళీ క్యారేజీ అడుగు గిన్నెలో
ఉప్పు చల్లిన నేరేడు పళ్లు తెచ్చేవాడు.
తినేశాక, గుణదల ఇంటి మెట్ల మీద,
"నాలిక చూపించు" అనేవాడు.
ఇద్దరం చాపేవాళ్లం.
ఎవరిది ఎక్కువ ఊదాగా ఉంటే వాళ్లు గెలిచినట్టు.
నేనే గెలిచేదాన్ని.
ఆయన తక్కువ తినేవాడని ఇప్పుడు తడుతోంది.

ఇంకా ఏవేవో వస్తున్నాయి, వరసగా ఏం కాదు.
వంతెన మీంచి కాలవలోకి దూకే మగపిల్లల్ని చూసి
ఒళ్లు మండిపోయిన మధ్యాహ్నం ఒకటి.
ముదురు పసుపు చీర ఒకటి, కొనుక్కోనిది.
కొన్నిటికి పేరు లేదు.
వాటిని తొందర పెట్టడం లేదు.

నిన్న మళ్లీ ఆ బండి దగ్గరికెళ్లాను.
"ఏం జ్యూసు మేడం?"
"నేరేడు."
"ఇంకా సీజనేది? జూన్ రావాలి."
"తెలుసు."
"మరి?"
నా వెనక ఎవరో చిల్లర గలగల్లాడిస్తున్నారు.
"అడగాలనిపించింది" అన్నాను.

స్కూటీ అద్దం ఇటు తిప్పి
ఎవరూ చూడకుండా నాలిక చాపి చూసుకున్నాను.
మామూలు రంగే,
ప్రస్తుతానికి.